చెవికి చోటివ్వని గ్రంథం
జేమ్స్ పార్కిన్‌సన్ వ్యాసంపై విమర్శ

1817వ సంవత్సరంలో లండన్ నగరంలో 66 పుటల చిన్న పుస్తకం ఒకటి వెలువడినది. “వణుకు పక్షవాతాన్ని గురించిన వ్యాసం” అని దాని పేరును తెలుగులో చెప్పుకొనవచ్చు. దానిని వ్రాసిన జేమ్స్ పార్కిన్‌సన్ (1755–1824) ఆ నగరపు అంచున ఉన్న హాక్స్‌టన్‌లో వైద్యవృత్తి చేసుకొనేవాడు. ఆయన శిలాజాలను గురించి మూడు సంపుటాలు వ్రాశాడు. 1807లో ఏర్పడిన లండన్ భూగర్భశాస్త్ర సంఘానికి స్థాపక సభ్యులలో ఒకడు. ఇన్ని చేసినప్పటికీ లోకం నేడు ఆయన పేరు తలచుకొనేది ఈ 66 పుటల మూలంగానే. పార్కిన్‌సన్ వ్యాధి అనే పేరు అక్కడినుండే వచ్చినది.

రెండు వందల ఏండ్లు దాటినా ఈ వ్యాసాన్ని వైద్యులు గౌరవంతో ప్రస్తావిస్తూనే ఉన్నారు. గౌరవించదగిన గుణాలు దానిలో చాలా ఉన్నవి. ఐతే ఒక గ్రంథం ఎంత గొప్పదైతే దానిలోని లోపం కూడా అంత దూరం ప్రయాణం చేస్తుంది. ఈ గ్రంథం వ్యాధిని కంటితో చూచినది. చెవితో వినుటకు తగినంత శ్రద్ధ చూపలేదు. ఆ లోపపు ఫలితాన్ని రోగులు నేటికీ అనుభవిస్తున్నారు. ఆ లోపం ఎట్టిది, ఎంతవరకు సవరించబడినది, తెలుగు మాట్లాడేవారి విషయంలో ఇంకా ఏమి మిగిలి ఉన్నది అనేవి పరిశీలించదగిన విషయాలు.

గ్రంథంలో ఉన్నదేమి?

పార్కిన్‌సన్ వర్ణించినది ఆరుగురు రోగులను మాత్రమే. వారిలో మొదటివాడు ఒక తోటమాలి. ఇద్దరు వీథిలో తారసపడగా ఆయన వారిని ఆపి, ప్రశ్నించి, సంగతులు తెలుసుకొన్నాడు. మరొకరిని దూరం నుండి చూచుటే తప్ప దగ్గర పరీక్షించే అవకాశం కలుగలేదు. మరణించినవారి మెదడును కోసి చూచిన అనుభవం ఈ వ్యాధి విషయంలో ఆయనకు లేదు. ఈ కొరతను ఆయన దాచలేదు. ప్రయోగం ఉండవలసిన చోట ఊహను పెట్టినందుకు ముందుమాటలోనే క్షమాపణ చెప్పుకొని, శరీర నిర్మాణ శాస్త్రజ్ఞులు ఈ వ్యాధిపై దృష్టి పెట్టవలసినదని కోరినాడు.

ఇంత కొద్ది సామగ్రితో ఆయన గీసిన చిత్రం ఆశ్చర్యం కలిగిస్తుంది. విశ్రాంతిగా ఉన్న చేయి వణకుట, నడుము ముందుకు వంగుట, నడక తనంతట తాను పరుగుగా మారుట, వ్యాధి ఏండ్ల తరబడి మెల్లగా ముదురుట — ఇవన్నీ వేరు వేరు జబ్బులని అంతకుముందు అనుకొన్నారు. అవి ఒకే వ్యాధి లక్షణాలని గుర్తించుట ఆయన చేసిన మేలు. చెల్లాచెదురుగా ఉన్న విషయాలను ఒక్క సూత్రంలో కూర్చుట శాస్త్రంలో మొదటి మెట్టు. ఆ మెట్టును ఆయన ఎక్కినాడు.

ఐతే ఈ లక్షణాలన్నీ వీథిలో నిలబడి చూడగలిగినవే. వీథికి అవతలి వైపున నడచిపోయే మనిషి వంగి ఉన్నాడని కన్ను చెప్పగలదు. అతడి కంఠం నిరుటికంటె తగ్గినదని కన్ను చెప్పలేదు.

మాటకు దక్కిన చోటు

పార్కిన్‌సన్ మాటను పూర్తిగా మరచిపోయాడనుట అన్యాయం. వ్యాధి ముదిరిన దశను వర్ణిస్తూ రోగి మాటలు దాదాపు అర్థం కాకుండా పోతాయనీ, నాలుక, గొంతు కండరాలు సరిగా పనిచేయక ఆహారం నమలుట, మ్రింగుట కష్టమవుతాయనీ, లాలాజలం గొంతులోనికి పోక నోటినుండి కారుతూ ఉంటుందనీ ఆయన వ్రాశాడు. మాట, నమలుట, మ్రింగుట, లాలాజలం — ఈ నాలుగింటినీ ఒకే కారణంతో ముడిపెట్టుట చక్కని పరిశీలన.

లోపం ఉన్నది క్రమంలో. ఆయన కథలో మాట చివరి అంకంలో మాత్రమే రంగస్థలం మీదికి వస్తుంది; వచ్చేసరికే అది చెడిపోయి ఉంటుంది. మాట చెడుటకు ముందు ఏమి జరిగినది? కంఠం ఎప్పుడు తగ్గినది? పలుకులోని ఎత్తుపల్లాలు ఎప్పుడు చదునైనవి? ఈ ప్రశ్నలకు వ్యాసంలో జవాబు లేదు.

ఆ జవాబు 20వ శతాబ్దంలో లభించినది. 1969లో అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన డార్లీ, ఆరన్‌సన్, బ్రౌన్ అనే ముగ్గురు నాడీరోగుల ఉచ్చారణ దోషాలను వర్గీకరించి, పార్కిన్‌సన్ రోగుల మాటకు ఒక ప్రత్యేక స్థానమిచ్చారు. ఏకస్వరంగా సాగుట, ధ్వని తగ్గుట, మాటలు ఉన్నట్టుండి పరుగెత్తుట, హల్లులు అస్పష్టమగుట దీని గుర్తులు. 1978లో జెరి లోగ్‌మన్, ఆమె సహచరులు 200 మంది రోగులను పరిశీలించగా 89 శాతం మందిలో స్వరపేటికకు సంబంధించిన దోషం, 45 శాతం మందిలో ఉచ్చారణ దోషం కనిపించినవి. అనగా నాలుక తడబడుటకంటె కంఠం మారుట చాల ఎక్కువమందిలో ఉన్నది. పార్కిన్‌సన్ విన్నది ఈ కథలోని చివరి భాగాన్ని మాత్రమే.

2004లో హరెల్, ఆయన సహచరులు మరొక మార్గం త్రొక్కినారు. తరువాతి కాలంలో ఈ వ్యాధి బయటపడిన ఒక వ్యక్తి పాత ప్రసంగాల ధ్వనిముద్రికలను తీసికొని, ఏటేటా స్వరస్థాయి ఎట్లు మారినదో కొలిచారు. వ్యాధి నిర్ధారణకు కొన్నేండ్ల ముందే స్వరంలోని హెచ్చుతగ్గులు తగ్గనారంభించినవి. ఒక్క మనిషిని చూచి చట్టం చేయరాదు. కాని మాట చివరి అంకంలోనే ప్రవేశిస్తుందనే భావాన్ని సందేహించుటకు ఇది చాలు.

తప్పు చోటు, మంచి తర్కం

ఈ వ్యాధి శరీరంలో ఎక్కడ పుట్టుచున్నది? పార్కిన్‌సన్ ఊహలో దాని స్థానం మెడలోని వెన్నుపాము. అక్కడ మొదలై పైకి ప్రాకి, మెదడు అడుగున వెన్నుపామును కలిసే మజ్జాముఖాన్ని చేరుతుందని ఆయన తలచినాడు. దీనికి ఆయన చూపిన సాక్ష్యం మాటే: మాట, మ్రింగుట చివరకు చెడుతున్నవి, వాటికి సంబంధించిన నాడులు మజ్జాముఖం నుండి బయలుదేరుతవి, కాబట్టి వ్యాధి అక్కడికి చేరినదన్నమాట.

ఈ తర్కంలో ఒక అడుగు బాగున్నది, ఒక అడుగు జారినది. లక్షణాన్ని నాడితో, నాడిని మెదడులోని చోటుతో కలుపుట సరియైన పద్ధతి. కాని లక్షణాలు పైకి కనిపించిన వరుసలోనే లోపల వ్యాధి కూడా నడచినదనుకొనుట సరి కాదు. ఇల్లు కాలునపుడు పొగ మొదట కిటికీలోనుండి వచ్చినంత మాత్రాన నిప్పు కిటికీలో పుట్టినదని చెప్పలేము గదా!

1919లో ట్రెటియకాఫ్ అనే శాస్త్రజ్ఞుడు పారిస్‌లో సమర్పించిన సిద్ధాంతవ్యాసంలో మధ్యమెదడులోని సబ్‌స్టాన్షియా నైగ్రా అనే నల్లని భాగం ఈ రోగులలో దెబ్బ తిన్నట్లు చూపినాడు. 1957లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్ డోపమిన్ అనే రసాయనానికి మెదడులో స్వంత పాత్ర ఉన్నదని జంతువులలో నిరూపించినాడు. ఆ కృషికి 2000లో ఆయనకు నోబెల్ బహుమతిలో భాగం లభించినది. 1960లో వియన్నాలో ఎరింగర్, హార్నికీవిచ్ అనేవారు మరణించిన రోగుల మెదడులో డోపమిన్ చాల తక్కువగా ఉన్నట్లు కొలిచి చెప్పినారు. ఇంతటితో వెన్నుపాము సిద్ధాంతం ముగిసినది.

మజ్జాముఖం మాత్రం మరొక దారిన తిరిగి వచ్చినది. ఈ వ్యాధిలో నాడీకణాల లోపల గుండ్రని ముద్దలు ఏర్పడతవి. 1912లో వాటిని మొదట వర్ణించిన శాస్త్రజ్ఞుని పేరున వాటిని లూయీ కాయములంటారు. లూయీ వాటిని చూచిన చోట్లలో మజ్జాముఖంలోని వేగస్ నాడి కేంద్రం ఒకటి! వాటిలో ముఖ్యమైన పదార్థం ఆల్ఫా సైన్యూక్లిన్ అనే ప్రోటీను అని 1997లో తేలినది. 2003లో జర్మనీకి చెందిన హైకో బ్రాక్, ఆయన సహచరులు ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. దాని ప్రకారం ఈ ముద్దలు మొదట మజ్జాముఖంలోను, వాసనకు సంబంధించిన భాగంలోను కనిపించి, క్రమంగా పైకి నల్లని భాగానికి, చివరకు మస్తిష్కపు పైపొరకు వ్యాపిస్తవి. రోగులందరి మెదడులూ ఈ క్రమాన్ని పాటించవు. కనుక సిద్ధాంతంపై వాదం సాగుతూనే ఉన్నది.

పార్కిన్‌సన్ మాట నిజమైనదని ఇక్కడ సంబరపడరాదు. మజ్జాముఖంలో మొదట దెబ్బ తినే వేగస్ కేంద్రం ముఖ్యంగా జీర్ణమండలం వంటి అంతరాంగాలకు సంబంధించినది. స్వరపేటిక కండరాలను కదిలించే కేంద్రం దాని ప్రక్కనే ఉన్నది కాని, అది వేరు. ప్రక్క యిల్లు కాలినది కాబట్టి ఈ యిల్లు కూడ కాలి ఉండాలనుట తర్కం కాదు. మాట చెడుటకు కారణం మరింత పైన వెదకవలసి ఉన్నది.

మెదడులో జరుగునదేమి?

ఒక మాట పలుకుటకు ఊపిరి, స్వరతంత్రులు, నాలుక, అంగిలి, దవడ, పెదవులు ఒకే తాళంలో కదలవలెను. కదలిక ఏదో మస్తిష్కపు పైపొర నిర్ణయిస్తుంది. ఆ కదలిక ఎంత పెద్దదిగా, ఎంత వేగంగా ఉండవలెనో సరిచూచుటలో లోపలనున్న బేసల్ గాంగ్లియా అనే కణసముదాయాలకు ముఖ్య పాత్ర ఉన్నది. వాటికి డోపమిన్ అందించేది నల్లని భాగమే. అది తగ్గగా కదలికల పరిమాణం కుంచించుకొని పోతుంది. చేతిలో ఈ దోషం అక్షరాలు చిన్నవగుటగా కనిపిస్తుంది. కాలిలో అడుగులు చిన్నవగుటగా కనిపిస్తుంది. గొంతులో ధ్వని చిన్నదగుటగా వినిపిస్తుంది. మూడూ ఒకే లెక్కలోని తప్పులు.

సంభాషణలో ఈ రోగుల ధ్వని సుమారు 2 నుండి 4 డెసిబెల్‌లు తగ్గుతుందని కొలతలు చూపినవి. అంకె చిన్నదిగా తోచవచ్చును. కాని ధ్వని 3 డెసిబెల్‌లు తగ్గినదంటే ధ్వనిశక్తి సగమైనదని భౌతికశాస్త్రం చెబుతుంది. స్వరతంత్రులు పూర్తిగా కలుసుకొనక గాలి వృథాగా పోవుటచేత స్వరం గాలిగొంతుగా కూడ మారుతుంది.

వింత ఏమంటే, రోగికి ఈ సంగతి తెలియదు. తన స్వరం మునుపటివలెనే ఉన్నదని అతనికి తోస్తుంది. మామూలు స్థాయిలో మాట్లాడమంటే అరుస్తున్నట్లు భావిస్తాడు. పాలమూరు ప్రాంతంలోని ఏ యింటనైనా యిట్టి సంభాషణ వినిపించవచ్చును: “నాయినా, జర గట్టిగ చెప్పు” అని కొడుకు అంటాడు, “గట్టిగనే చెప్తున్న, మీకే ఇనబడ్తలేదు” అని తండ్రి కసురుకొంటాడు. ఇద్దరూ అబద్ధమాడుట లేదు. తండ్రి మెదడులోని కొలబద్ద కురచ అయినది, అంతే.

మరొక వింత కలదు. చుట్టూ రొద ఎక్కువైనపుడు మనుషులు తమకు తెలియకుండానే గొంతు పెంచుతారు. దీనిని 1911లో లాంబార్డ్ అనే ఫ్రెంచి వైద్యుడు వర్ణించినాడు. చెవులలో రొద వినిపించినపుడు పార్కిన్‌సన్ రోగుల గొంతు కూడ పెరుగుతుంది. గట్టిగా పలుకుమని ఎదుటివారు గుర్తుచేసినప్పుడూ పెరుగుతుంది. దీనినిబట్టి కండరాలలో శక్తి ఉన్నదనీ, దానిని తనంతట తాను పిలిచే యంత్రాంగం మందగించినదనీ గ్రహించవచ్చును. “పక్షవాతం” అని పార్కిన్‌సన్ పెట్టిన పేరు ఇక్కడ నిలువదు. ఫ్రెంచి వైద్యుడు షార్కో 19వ శతాబ్దంలోనే ఈ రోగులలో నిజమైన పక్షవాతం లేదనీ, కొందరిలో వణుకు కూడ ఉండదనీ చెప్పి, ఆ పేరును త్రోసిపుచ్చి, దానికి పార్కిన్‌సన్ పేరు పెట్టినాడు.

మన దేశంలోని పేర్లకూ ఇదే విమర్శ వర్తిస్తుంది. కంపవాతమన్నా, వణుకుడు రోగమన్నా కంటికి కనిపించిన లక్షణమే పేరైనది. వణుకు లేని రోగి వైద్యుని వద్దకు ఆలస్యంగా పోవుటకు ఇట్టి పేర్లు కూడ కొంత కారణం కావచ్చును.

బుద్ధి చెక్కుచెదరదన్న మాట

ఈ వ్యాధిలో ఇంద్రియాలకు, బుద్ధికి హాని కలుగదని పార్కిన్‌సన్ తన నిర్వచనంలోనే చేర్చినాడు. ఈ వాక్యం సగం మేలు, సగం కీడు చేసినది. మేలు ఏమంటే, మాట అణగిన మనిషిలో మనసు అణగలేదని అది చెప్పినది. ముఖకవళికలు కదలక, గొంతు లేవక ఉన్న మనిషిని చూచి “మతి పోయినది” అనుకొనుట తేలిక. అట్లు అనుకొన్న యింటిలో అతనిని సలహా అడుగుట మానివేస్తారు. రోగి మూగవాడు కాకమునుపే యింటివారు అతనిని మూగవానిని చేస్తారు.

కీడు ఏమంటే, వ్యాధి కండరాలకే పరిమితమని వైద్యలోకం చాలాకాలం నమ్మినది. వాసన తెలియకపోవుట అనేకులలో వ్యాధికి ఏండ్ల ముందే వస్తుందని నేడు తెలుసు. ఇంద్రియాలకు హాని లేదన్న మాట అక్కడ తప్పినది. కొందరికి తగిన పదం వెంటనే తోచదు. చిక్కని వాక్యం అర్థం చేసికొనుట కష్టమవుతుంది. సంభాషణలో తన వంతు వచ్చేసరికి ఇతరులు మాట మార్చివేస్తారు. వ్యాధి ముదిరినవారిలో చాలమందికి జ్ఞాపకశక్తి, ఆలోచన కూడ దెబ్బ తింటవి. కాబట్టి మాట తగ్గినపుడు కారణం గొంతులో ఉన్నదా, పదం వెదకుటలో ఉన్నదా అని విడదీసి చూడవలెను. రెండింటినీ కలిపివేయుట ఒక తప్పు. రెండవది లేనేలేదనుట మరొక తప్పు.

132 మార్కులకు 4

పార్కిన్‌సన్ వ్యాసంలోని కొరత నేటి కొలబద్దలలోకి కూడ ప్రవేశించినది. వ్యాధి తీవ్రతను అంచనా వేయుటకు ప్రపంచమంతటా వాడుకలో ఉన్న పట్టిక 2008లో సవరించబడినది. అందులో వైద్యుడు స్వయంగా పరీక్షించి మార్కులు వేసే భాగానికి మొత్తం 132. వాటిలో మాటకు దక్కినవి 4. రోగి తన కష్టాలను తెలుపుకొనే భాగంలోని 13 ప్రశ్నలలోనూ మాటను గురించినది ఒక్కటే. ఈ పట్టికలో మార్కులు పెరిగినకొద్దీ వ్యాధి ఎక్కువని అర్థం. మాట పూర్తిగా పోయిన మనిషికి చేర్చబడేవి నాలుగు మార్కులే. రెండు చేతులు కొంచెం కొంచెం మందగించిన మనిషికి అంతకంటె ఎక్కువ చేరవచ్చును.

ఏ పాఠశాలలోనైనా ప్రశ్నపత్రంలో మార్కులు లేని పాఠాన్ని విద్యార్థులు చదువరు. పరిశోధనలోనూ అంతే. 2014లో సఫినమైడ్ అనే మందుపై ప్రచురితమైన ఒక పెద్ద పరీక్షకు మొదటి రచయిత హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన రూపం బోర్గోహైన్. 669 మంది రోగులు పాల్గొన్న ఆ పరీక్షలో ప్రధానంగా కొలిచినది రోజులో కాళ్ళుచేతులు చక్కగా ఆడే గంటలను. అది న్యాయమైన కొలతే. ఆ మందు ఉద్దేశం కూడ అదే. కాని రోగి ఎన్ని గంటలు మాట్లాడగలిగినాడని అడిగే పరీక్షలకూ అట్టి పెద్దపీట అవసరం.

ఎందుకనగా మందులకు కాళ్ళుచేతులు లోబడినట్లు మాట లోబడదు. 1960లలో వచ్చిన లీవోడోపా మెదడులో డోపమిన్‌గా మారి, బిగుసుకొన్న శరీరాన్ని వదులు చేస్తుంది. ఈ పదార్థం తెలుగుదేశపు పొదలలో పిల్లలకు దురద పుట్టించే దూలగొండి గింజలలో ఉన్నదని 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రజ్ఞులు వేరుచేసి చూపినారు. అంతమాత్రాన గింజలు నూరి త్రాగరాదు. ఒక్కొక్క గింజలో మందు ఒక్కొక్క పాళ్ళలో ఉంటుంది. ఇంత మేలు చేసే లీవోడోపా కూడ మాట విషయంలో కొందరికి ఉపకరించి, కొందరికి ఉపకరించక ఉన్నది. మెదడులో తీగలమర్చి విద్యుత్తు పంపే శస్త్రచికిత్సలో వణుకు తగ్గి మాట మరింత చెడినవారు కూడ కలరు. మాటకు డోపమిన్ లోపమొక్కటే కారణం కాదనీ, వ్యాధి తాకిన ఇతర నాడీమార్గాలకు కూడ భాగమున్నదనీ దీనినుండి ఊహించుచున్నారు.

తెలుగు వాక్యంలో చిక్కు

డార్లీ గాని, లోగ్‌మన్ గాని పరిశీలించినది ఇంగ్లీషు మాట్లాడేవారిని. వారి ఫలితాలను తెలుగువారికి యథాతథంగా అంటగట్టుట తగదు. తెలుగు భాషా నిర్మాణం చూచినయెడల ఇక్కడ కష్టం మరొక చోట ఉండవచ్చునని తోచును.

మొదటిది క్రియ స్థానం. తెలుగు వాక్యంలో క్రియ సాధారణంగా చివర వస్తుంది. ఎవరు, ఎప్పుడు, ఔనా, కాదా అన్నవన్నీ దాని తోకలో ఉంటవి. “చెప్పాను” అన్నా “చెప్పను” అన్నా భేదం ఒక్క దీర్ఘం. “వస్తాడు” అన్నా “వస్తాడా” అన్నా భేదం చివరి అచ్చు. ఊపిరి చాలక వాక్యాంతంలో స్వరం అణగిపోవుట ఈ వ్యాధి లక్షణం. ఇంగ్లీషులో క్రియ ముందే వినబడిపోతుంది. తెలుగులో వినేవాడు ఏది ముఖ్యమో అదే పోగొట్టుకొనవచ్చును.

రెండవది పరుషాలు, సరళాలు. ఈ రోగులలో క, ట, ప వంటి స్పర్శాలు పలుకునపుడు నోటిలో గాలిని పూర్తిగా అడ్డగించుట జరుగదు. స్వరతంత్రుల కంపనం కూడ వెంటనే ఆగదు. పరుషం సరళం వైపు జారుతుంది. అప్పుడు “కాలి” అన్నది “గాలి” వలెను, “పాట” అన్నది “బాట” వలెను వినిపించవచ్చును. మూడవది ద్విత్వం. “కల”కు, “కల్ల”కు గల భేదం నాలుక ఎంతసేపు నిలిచినదన్న కాలభేదమే. మాటలు పరుగెత్తునపుడు మొదట నలిగేది కాలమే. ఇవి భాషా నిర్మాణాన్నిబట్టి చేసిన అనుమానాలు. తెలుగు రోగుల ధ్వనిముద్రికలపై కొలిచి చూచి తేల్చవలసినవి. ఐనను మార్కులు వేసే వైద్యునికీ, అభ్యాసాలు చేయించే నిపుణునికీ ఈ ప్రశ్నలు తెలిసి ఉండుట మంచిది.

అభ్యాసంతో మేలు

మాటకు ప్రత్యేక చికిత్స ఉన్నది. 1980లలో అమెరికాలో లొరెయిన్ రామిగ్, ఆమె సహచరులు ఒక అభ్యాసపద్ధతి రూపొందించి, లీ సిల్వర్‌మన్ అనే రోగి పేరు దానికి పెట్టినారు. వారానికి నాలుగు రోజులు, రోజుకు ఒక గంట, నాలుగు వారాలు — మొత్తం 16 పాఠాలు. ఆ పాఠాలలో చెప్పేది ఒక్కటే: గట్టిగా పలుకుట, ఆ గట్టితనమే మామూలని మెదడుకు తిరిగి నేర్పుట. 2024లో బ్రిటన్‌లో 388 మందిపై ప్రచురితమైన పరీక్షలో ఈ పద్ధతి అక్కడి సాధారణ వాక్‌చికిత్సకంటె రోగుల మాట కష్టాన్ని ఎక్కువగా తగ్గించినది. కొందరికి కొంతకాలం గొంతు బొంగురుపోవుట దాని ఇబ్బంది.

వనపర్తి జిల్లాలోని పెద్దమందడి వంటి మండలంలోని వృద్ధుడు నెలలో 16 మార్లు నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి హైదరాబాదు చేరలేడు. కాబట్టి సికింద్రాబాదులోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం వంటి చోట్ల తయారయ్యే వాక్‌చికిత్సకుల సేవ జిల్లా ఆసుపత్రులకు, ఫోను ద్వారా గ్రామాలకు విస్తరించుట అవసరం. అంతవరకు చదువుకొన్నవారు చేయగల పని కొంత ఉన్నది. నెలకొకసారి ఒకే పాఠభాగాన్ని చదివించి, ఫోనును నోటికి ఒకే దూరంలో పెట్టి ధ్వనిముద్రణ చేసినయెడల, వైద్యునికి చూపదగిన మంచి సాక్ష్యం అవుతుంది. గొంతు తగ్గిన ప్రతివారికీ ఈ వ్యాధి ఉన్నదనుకొనరాదు. జలుబు, థైరాయిడ్ లోపం, వయసు, ఉపాధ్యాయులకు పరిచయమైన గొంతు అలసట కూడ కారణాలే. కాని గొంతు మారుటతోపాటు అక్షరాలు చిన్నవగుట, ఒక చేయి ఊగకుండుట, వాసన తెలియకుండుట కలిసినపుడు నాడీవైద్యుని చూడవలెను. త్రాగునపుడు తరచు పొరపోవుచున్నయెడల ఆలస్యం చేయరాదు. ఊపిరితిత్తులలోనికి ఆహారం పోయి వచ్చే న్యుమోనియా ఈ రోగుల మరణాలకు ముఖ్య కారణాలలో ఒకటి.

గ్రంథం విలువ

ఆరుగురిని చూచి వ్యాధిని గుర్తించినవానిని, ఏడవ సంగతి చెప్పలేదని నిందించుట న్యాయం కాదు. పార్కిన్‌సన్ కాలంలో ధ్వనిని నిలువచేసే సాధనం లేదు. విన్న మాట వినగానే గాలిలో కలిసిపోయేది. తన ఊహ ఊహయేనని చెప్పి, తరువాతివారిని పరీక్షించమని కోరిన నిజాయితీ ఆ వ్యాసానికి అన్నిటికంటె పెద్ద విలువ. తప్పు తరువాతివారిది. ధ్వనిముద్రణ సాధనాలు వచ్చిన పిమ్మట కూడ వారు వణుకును చూచినంత శ్రద్ధగా మాటను వినలేదు. తెలుగు రోగి పలుకును తెలుగు వ్యాకరణం తెలిసినవారు, ధ్వనిశాస్త్రం తెలిసినవారు, వైద్యులు కలిసి వినవలసిన పని మిగిలి ఉన్నది. ఆ పనిలో చేరదగిన విద్యార్థులు నేడు ఉన్నత పాఠశాలలలో పరుషాలు, సరళాలు వల్లె వేస్తూనే ఉన్నారు.